గ్యాస్ గోలి ఇచ్చే ముందు ఏ నీళ్లు తాగుతున్నారో అడగండి

మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు ఏ మెడికల్ షాపు దగ్గరైనా పొద్దున కాసేపు నిలబడండి. బీపీ, షుగర్ మందులతో పాటు పదే పదే వినపడే మాట ఒకటుంటుంది: "అన్నా, గ్యాస్ గోలీలు ఒక షీటు ఇయ్యి." చీటీ ఉండదు, ఎందుకని అడిగేవాళ్లూ ఉండరు. లేవగానే గోలి, వెంటనే చాయ్, ఆ తర్వాత పొలం. ఏళ్ల తరబడి ఇదే వరస. ఛాతిలో మంట, పుల్లటి తేన్పులు, కడుపుబ్బరం, రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయినట్టు ఉండటం, వీటన్నిటికీ కలిపి మనం పెట్టుకున్న పేరు గ్యాస్. కారం ఎక్కువ తిన్నావంటారు, టైముకు తినలేదంటారు, టెన్షన్ తగ్గించుకో అంటారు. అవీ నిజమే కావచ్చు. కానీ నల్లగొండ జిల్లాలో, అందులోనూ ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లలో, ఈ బాధ చెప్పుకున్న మనిషిని డాక్టరైనా, ఆర్‌ఎమ్‌పీ అయినా గోలి ఇచ్చే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఏ నీళ్లు తాగుతున్నావు, ఏ నీళ్లతో వండుకుంటున్నావు? ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగడం లేదన్నదే నా బాధ.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. సెకండియర్‌లో జీర్ణక్రియ పాఠం వచ్చినప్పుడల్లా ఈ సంగతి కలిపి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే క్లాసులో చాలామంది ఆ ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలే. ఫ్లోరోసిస్, అంటే ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు, అనగానే వాళ్లు చెప్పేది గారపళ్లు, వంకర తిరిగిన కాళ్లు, మెడ తిప్పలేని తాతల గురించి. కంటికి కనపడేవి అవే మరి. మన దేశంలో ఈ జబ్బును 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. మోకాళ్లు లోపలికి వంగిపోయే రూపం గురించి 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్, పరిశోధకులు లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఇంత కాలంగా మనం చెప్పుకుంటున్నది ఎక్కువగా బొక్కల కథే. బొక్కల దాకా చేరాలంటే ఫ్లోరైడ్ ముందు కడుపు గోడ దాటాలి. ఆ దాటడంలో మన కడుపులో ఊరే ఆమ్లానికి పెద్ద పాత్ర ఉంది. ఈ ముక్క మాత్రం ఊళ్లకు చేరలేదు.

ముందు ఆమ్లం సంగతి చూద్దాం, ఎందుకంటే గ్యాస్ గోలీల పుణ్యమా అని దాన్ని శత్రువులా చూడటం అలవాటైపోయింది. కడుపు రోజుకు దాదాపు 2 లీటర్ల జఠర రసం తయారు చేస్తుంది. అందులో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని 1824లో విలియం ప్రౌట్ అనే ఇంగ్లండ్ డాక్టరు తేల్చి చెప్పాడు. ల్యాబులో సీసా మూత తీస్తే పొగలొచ్చే ఆమ్లం, అదే మన ఒంట్లో, మన కణాల నుంచే పుడుతుంది. కడుపు గోడలో పెరైటల్ కణాలని ఉంటాయి. వాటి పొరలో ఉండే ప్రోటాన్ పంపు ఒక హైడ్రోజన్ అయాన్‌ను కడుపులోకి తోసి, బదులుగా ఒక పొటాషియం అయాన్‌ను కణంలోకి లాక్కుంటుంది. ఆమ్లం ఘాటును కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ ఘాటు పెరుగుతుంది. రక్తం పీహెచ్ 7.4 అయితే కడుపులో 1.5 నుంచి 3.5 మధ్య ఉంటుంది. అంటే హైడ్రోజన్ అయాన్ల గాఢతను ఆ పంపు వేల నుంచి లక్షల రెట్లు పెంచుతోందన్న మాట. ఇంత పని ఊరికే జరగదు, ప్రతి తోపుకీ కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చవుతుంది. ఆ ఏటీపీని 1929లో కనుక్కున్న వాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరని చెప్పినప్పుడు క్లాసులో వెనక బెంచీ కూడా తలెత్తుతుంది.

ఈ ఆమ్లం చేసే పనులు తక్కువేం కాదు. మాంసం, పప్పు, గుడ్డులోని ప్రోటీన్ల ముడి విప్పుతుంది. పెప్సినోజెన్ అనే నిద్రాణ రూపాన్ని పెప్సిన్‌గా మారుస్తుంది, అప్పుడే ప్రోటీన్ల కోత మొదలవుతుంది. తిండితో వచ్చే క్రిములను చాలావరకు చంపుతుంది. తిండిలోని ఇనుము ఒంటికి పట్టడానికి, విటమిన్ బీ12 తిండిలోని ప్రోటీన్ నుంచి విడివడటానికి సాయపడుతుంది. మరి ఇంత ఘాటు ఆమ్లం కడుపునే ఎందుకు కాల్చదంటే, గోడ మీద జిగురు పొర ఉంటుంది, ఆ పొర కింద ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్ ఊరుతూ ఉంటుంది, అయినా దెబ్బతిన్న పై కణాల స్థానంలో కొద్ది రోజులకే కొత్తవి వస్తాయి. హైడ్రోజన్ అయాన్‌కు విద్యుదావేశం ఉంటుంది కాబట్టి కొవ్వుతో చేసిన కణపొరను తేలిగ్గా దాటలేదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మన జిల్లా కథ అక్కడే మలుపు తిరుగుతుంది.

నీళ్లలో ఫ్లోరైడ్ ఉండేది అయాన్ రూపంలో, రుణావేశంతో. ఆ రూపంలో ఉన్నంతసేపు అది కూడా కణపొరను తేలిగ్గా దాటలేదు. కానీ అది కడుపులో పడగానే చుట్టూ హైడ్రోజన్ అయాన్ల సముద్రం. రెండూ కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం నీళ్లలో పూర్తిగా విడిపోతుంది గానీ హైడ్రోజన్ ఫ్లోరైడ్ బలహీన ఆమ్లం, ఆమ్లం ఏ పీహెచ్ దగ్గర సగం విడిపోతుందో చెప్పే అంకె, పీకేఏ, దానికి 3.2 నుంచి 3.4 మధ్య. పీహెచ్ 2 దగ్గర లెక్క వేస్తే ఫ్లోరైడ్‌లో నూటికి 90 పాళ్లకు పైగా విడిపోని హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గానే ఉంటుంది. దానికి ఆవేశం లేదు, అణువు చాలా చిన్నది, కణపొరలోంచి సులువుగా జారిపోతుంది. కణం లోపల పీహెచ్ 7 దగ్గర ఉంటుంది కాబట్టి అక్కడికి చేరగానే మళ్లీ విడిపోతుంది. అంటే ఏ హైడ్రోజన్ అయాన్‌ను జిగురు పొర, బైకార్బొనేట్ ఇన్ని తంటాలు పడి ఆపుతున్నాయో అదే అయాన్, పక్కన ఫ్లోరైడ్‌ను కూడా వెంటబెట్టుకుని, గోడ కణం లోపలికి వచ్చి కూర్చుంది.

నీళ్లలో కరిగిన ఫ్లోరైడ్‌లో మొత్తం మీద 80 నుంచి 90 శాతం దాకా రక్తంలోకి చేరుతుంది. పరగడుపున తాగితే దాదాపు అంతా చేరుతుంది, గంటలోపే రక్తంలో దాని మోతాదు గరిష్ఠానికి వస్తుంది. పొద్దున్నే పరగడుపున చెంబెడు నీళ్లు తాగమని పెద్దవాళ్లూ చెప్తారు, ఫోన్లో వచ్చే వీడియోలూ చెప్తాయి. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లయితే తాగండి, మంచిదే. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లను పరగడుపున చెంబెడు తాగితే, కడుపులో ఆమ్లం తప్ప దాన్ని పట్టి ఉంచే తిండి ఏమీ ఉండదు. మన దేశ తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. ఎండాకాలం పత్తి కట్టె పీకేవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు రోజుకు 4 లీటర్లు తాగితే 16 మిల్లీగ్రాములు. మన ఎండల్లో 4 లీటర్లు ఎక్కువేం కాదు.

ఇది చెప్పినప్పుడు ఒక అమ్మాయి లేచి మంచి ప్రశ్న వేసింది. "సార్, గ్యాస్ గోలి ఆమ్లాన్ని తగ్గిస్తది కదా, అయితే ఫ్లోరైడ్ లోపలికి పోవుడు కూడా తగ్గాలె కదా?" కడుపు వరకు ఆమె చెప్పింది నిజమే, ఆమ్లం తగ్గితే కడుపు గోడ గుండా దాటేది నెమ్మదిస్తుంది. కానీ అక్కడ దాటనిది చిన్నపేగులోకి పోతుంది. క్లోమం పంపే బైకార్బొనేట్ వల్ల అక్కడ పీహెచ్ పెరిగిపోతుంది, అయినా పేగు గోడ ఫ్లోరైడ్‌ను పీల్చుకుంటూనే ఉంటుంది, దానికి ఆమ్లంతో పని లేదు. చివరికి ఒంట్లో చేరే మొత్తంలో పెద్ద తేడా ఉండదు. గోలి చేసేది మంటను తగ్గించడం. మంట తగ్గింది కాబట్టి మనిషి మళ్లీ అవే నీళ్లు తాగుతాడు. నీళ్లు మార్చమని ఒళ్లు చేసిన మొదటి ఫిర్యాదును గోలి నోరు నొక్కేసిందని నేను అంటాను.

మొదటి ఫిర్యాదు అని ఊరికే అనడం లేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఫ్లోరోసిస్ మీద ఏళ్ల తరబడి పనిచేసిన డాక్టర్ ఎ.కె. సుశీల బృందం, ఫ్లోరైడ్ ప్రాంతాల రోగులకు ఎండోస్కోపీ చేసి కడుపు, పేగు పై పొరలో దెబ్బలు చూసింది. పేగు కణాల మీద వెంట్రుకల్లా ఉండే సూక్ష్మ చూషకాలు కొన్నిచోట్ల రాలిపోయి కనిపించాయి. 1990ల మొదట్లో వచ్చిన వాళ్ల పరిశోధనల్లోనే ఇంకో సంగతి ఉంది: పుండు లేకుండా వచ్చే ఈ కడుపు బాధలు, మంచి నీళ్లకు మారాక చాలామందిలో కొద్ది వారాల్లోనే తగ్గాయి. బొక్కల్లో చేరిన ఫ్లోరైడ్ బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది, ఒంగిన నడుము మళ్లీ నిలబడదు. కడుపు పొర మాత్రం తనను తాను బాగుచేసుకోగలదు. ఈ జబ్బులో వెనక్కి తిరిగి రాగలిగే దశ ఏదన్నా ఉందంటే అది కడుపు దశే, అక్కడే మనం గుర్తుపట్టకుండా దాటేస్తున్నాం.

దీనికి అడ్డం చెప్పే డాక్టర్లు ఉన్నారు, వాళ్ల మాటలోనూ బలం ఉంది. ఛాతి మంటకు కారణాలు చాలా ఉంటాయి. హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి వల్ల అల్సర్లు వస్తాయని నిరూపించినందుకే బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు. ఒంటినొప్పులకు వేసుకునే గోలీలు కూడా కడుపును గీరేస్తాయి, మన ఊళ్లలో ఫ్లోరోసిస్ నొప్పులకు వాడేవి అవే. గ్యాస్ అనుకుని పడుకున్న మనిషికి అది గుండెపోటు అయిన సందర్భాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, ఛాతి నొప్పితో పాటు చెమటలు పట్టి ఎడమ చెయ్యి లాగితే నీళ్ల గురించి ఆలోచిస్తూ కూర్చోవద్దు, ముందు ఆసుపత్రికి పొండి. అన్నీ ఒప్పుకుంటాను. నేను అడుగుతున్నది ఫ్లోరైడ్‌ను కూడా ఆ జాబితాలో చేర్చమని మాత్రమే. ఈ జిల్లాలో దాన్ని వదిలేసి మిగతావి వెతకడం నాకు అర్థం కాదు.

"ఇప్పుడు భగీరథ నీళ్లు వచ్చినయి కదా, ఇంకా ఆ పాత కథ ఎందుకు" అనేవాళ్లు కూడా ఉన్నారు. మిషన్ భగీరథ పథకంతో నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చాక పరిస్థితి చాలా మారింది, దాన్ని కాదనేవాడు ఆ ఊళ్ల పాత రోజులు చూడనివాడు. కానీ ఇంట్లో నీళ్లు ఒక్క రకంగా ఉండవు. మర్రిగూడ వైపు ఉన్న మా పెద్దమ్మ తాగేది నల్లా నీళ్లే, వంటకు మాత్రం బోరు నీళ్లు. ఎందుకు పెద్దమ్మా అంటే, "నల్లా నీళ్లల్ల పప్పు ఉడుకది బిడ్డా, బోరు నీళ్లల్ల ఎన్నలెక్క ఉడుకుతది" అంటుంది. ఆమె చూసింది నిజమే. నీళ్లలో కాల్షియం తక్కువ, బైకార్బొనేట్ ఎక్కువ ఉంటే పప్పు కణాలను అతికి ఉంచే పెక్టిన్ త్వరగా మెత్తబడుతుంది. అన్ని బోర్లూ అలా ఉండవు గానీ, అలాంటి నీళ్లలోనే మన గ్రానైట్ రాళ్ల నుంచి ఫ్లోరైడ్ ఎక్కువగా కరుగుతుంది, ఎందుకంటే కాల్షియం ఉంటే దాన్ని పట్టుకుని అడుగున పేరుకునేలా చేసేది. పప్పును మెత్తగా ఉడికించే గుణం, ఫ్లోరైడ్‌ను నిలబెట్టే గుణం రెండూ ఆ నీళ్లలో కలిసే ఉంటాయి.

మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది నమ్మకం. పోదు, నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది. గంజి వార్చే రోజుల్లో కొంతైనా గంజితో పోయేది, కరెంటు కుక్కర్లో వండితే మొత్తం అన్నంలోకే దిగుతుంది. చాయ్ సంగతి చెప్పనే అక్కర్లేదు, తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో కూడబెట్టుకుంటుంది, దాన్ని మళ్లీ బోరు నీళ్లలో మరిగిస్తున్నాం.

నీళ్ల తర్వాత నేను గట్టిగా వాదించేది తిండి గురించి. ఫ్లోరైడ్‌కు కాల్షియం దొరికితే రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడ్ అవుతాయి, అది సరిగా కరగదు, చాలావరకు మలంతో బయటికి పోతుంది. పరగడుపున దాదాపు మొత్తం ఒంటికి పట్టే ఫ్లోరైడ్, ఒక గ్లాసు పాలతో తీసుకున్నప్పుడు 70 శాతం దగ్గరికి, కాల్షియం ఎక్కువున్న భోజనంతో అయితే 60 శాతం దగ్గరికి తగ్గిందని ప్రయోగాల్లో తేలింది. ఇది పూర్తి రక్షణ కాదు, నీళ్లు మార్చడానికి బదులూ కాదు. కానీ పేదింట్లో ఈ తేడా ఏళ్ల తరబడి కూడుతూ పోతుంది. ఎన్‌ఐఎన్ పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో కాల్షియం దాదాపు 340 మిల్లీగ్రాములు, జొన్నల్లో దాదాపు 25, బియ్యంలో ఇంకా తక్కువ. పాలమూరు వైపు కూలికి పోయేవాళ్లు చెంబులో రాగి అంబలి తీసుకెళ్లేవాళ్లు, అందులో కాస్త చల్ల పోసుకునేవాళ్లు. ఫ్లోరైడ్ ఊళ్లో దానికంటే మంచి పొద్దటి తిండి నాకు తోచదు.

జొన్న గురించి ఒక మాట చెప్పక తప్పదు, నాకు జొన్న రొట్టె ప్రాణం అయినా సరే. అన్నం తిన్నప్పటి కంటే జొన్నలు తిన్నప్పుడు ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలిచిపోతోందని ఎన్‌ఐఎన్ పరిశోధకులు 1977లోనే చూపించారు. రొట్టె మానేయమని నేను చెప్పను. మంచి నీళ్లతో పిండి కలపండి, పక్కన పెరుగో మునగాకు పప్పో పెట్టుకోండి, నువ్వుల పొడి చల్లుకోండి. చింతపండు విషయంలో మాత్రం మనకు అనుకూలమైన వార్త ఉంది. బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగిందని అదే సంస్థ 2002లో ప్రచురించింది. కిడ్నీలో కూడా కడుపులో జరిగిన కెమిస్ట్రీయే జరుగుతుంది. మూత్రం ఆమ్లంగా ఉంటే ఫ్లోరైడ్ హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారి గోడ దాటి తిరిగి రక్తంలోకి వస్తుంది, క్షారంగా ఉంటే అయాన్‌గానే ఉండిపోయి బయటికి పోతుంది. పచ్చిపులుసును మందని నేను అనను, తినడానికి మాత్రం ఇంకో కారణం దొరికింది.

గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద రోజూ పాలు ఇస్తున్నారు. 2023లో బడుల్లో రాగి జావ మొదలుపెట్టారు. రెండూ ఫ్లోరైడ్ ఊళ్లకు అచ్చంగా సరిపోయే పథకాలు, వాటిని ఆ ఊళ్లలో ఒక్క రోజు కూడా ఆగనివ్వకూడదు. ఎదిగే బొక్క పెద్దవాళ్ల బొక్క కంటే ఎక్కువ ఫ్లోరైడ్ పట్టుకుంటుంది కాబట్టి పిల్లలకు ఇచ్చే ప్రతి గ్లాసుకూ విలువ ఎక్కువ. కానీ ఆ జావ ఏ నీళ్లతో కాస్తున్నారు? నల్లా రాని రోజు బడి వెనక బోరు కొడితే, ఇచ్చిన కాల్షియం ఆ బోరు ఫ్లోరైడ్‌కే ఖర్చయిపోతుంది. సర్పంచులు, హెడ్‌మాస్టర్లు ముందు ఇది చూసుకోవాలి.

గోలి సంగతికి వస్తే, ప్రోటాన్ పంపును ఆపే ఈ మందులు మంచి మందులే, అల్సర్ ఉన్నవాళ్ల ప్రాణాలు కాపాడతాయి, డాక్టరు రాసిస్తే మానేయకండి. ఏళ్ల తరబడి సొంతంగా వాడటమే ప్రమాదం. బీ12 తగ్గొచ్చు, మెగ్నీషియం తగ్గొచ్చు. ఎక్కువ మోతాదులో గానీ, ఏడాదికి మించి గానీ వాడితే తుంటి, మణికట్టు, వెన్నుపూస విరిగే ముప్పు పెరగొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లో హెచ్చరించింది. అసలే ఫ్లోరైడ్‌తో పెళుసెక్కిన బొక్కలున్న జిల్లాలో, ఫ్లోరైడ్ వల్ల వచ్చి ఉండగల మంటకు, బొక్కల ముప్పు పెంచగల గోలిని చీటీ లేకుండా షీట్లు షీట్లు అమ్ముతున్నాం. పైగా అలవాటైన గోలి ఉన్నట్టుండి ఆపితే ఆమ్లం కొన్నాళ్లు మునుపటి కంటే ఎక్కువ ఊరుతుంది, దాంతో గోలి లేకుండా బతకలేనని మనిషి నమ్మేస్తాడు. తగ్గించడం కూడా డాక్టరును అడిగి మెల్లగా తగ్గించుకోవాలి.

జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమం 2008-09లో మొదలైంది. నీళ్లలో, మూత్రంలో ఫ్లోరైడ్ కొలవడం ఆ కార్యక్రమంలో భాగమే. మన మండలాల్లోని ప్రతి పీహెచ్‌సీలో కడుపు మంట అని వచ్చిన మనిషి చీటీ మీద నీళ్ల వివరం ఒక లైను రాయాలి, నాలుగు వారాలు పూర్తిగా నల్లా నీళ్లే, వంటకు కూడా, వాడమని చెప్పి మళ్లీ రమ్మనాలి. దీనికి కొత్త మెషిన్లు అక్కర్లేదు. అనుమానం ఉన్నవాళ్లకు మూత్రం పరీక్ష రాయొచ్చు.

మీ ఇంటి బోరు సంగతి తెలుసుకోవాలంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో అడగండి. నమూనా పట్టేటప్పుడు గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, బోరును కాసేపు నడిపించాక నింపండి. సీసా మీద ఊరు, బోరు ఎక్కడుందో, ఏ తారీఖున పట్టారో రాయండి. వంటకు వేరే బోరు వాడుతుంటే దానిది ఇంకో సీసా పట్టండి.